ఎక్సెల్‌లోని పడవ కొలతలతో సాలిడ్‌వర్క్స్‌లో కర్వ్‌లు, సర్ఫేస్: ముడతలు ఎందుకొస్తాయి, ఎలా పోతాయి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కొత్తపట్నం తీరంలో ఉన్న 9 మీటర్ల ఫైబర్ పడవకు 11 స్టేషన్ల దగ్గర, అంటే పొడవునా 11 అడ్డకోతల దగ్గర, కొలతలు తీశారు. ముక్కు కొస తప్ప ఒక్కో స్టేషన్‌కు 18 పాయింట్లు. అన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. ఒంగోలులో దాని అచ్చుకు ప్లగ్, అంటే అచ్చు తీయడానికి వాడే పడవ నమూనా, చేయాలి. త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో కర్వ్‌లు వచ్చాయి గానీ లాఫ్ట్ (కోతలన్నిటినీ కలిపి సర్ఫేస్ చేసే ఆదేశం) కొట్టగానే అడుగు, పక్క కలిసే మూల దగ్గర ముడతలు, ముక్కు దగ్గర మెలిక. గైడ్ కర్వ్ (సర్ఫేస్‌కు పొడవునా దారి చూపే గీత) ఇస్తే స్టేషన్లను తాకడం లేదని ఎర్రర్. ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ క్యాటియాలో అయితే బాగా వస్తుందా అని కూడా అడిగారు.

రాదు. ఇదే ఫైల్‌ను ఏ సాఫ్ట్‌వేర్‌కిచ్చినా ఇవే ముడతలు వస్తాయి. మీరు రాసిన మూడు లక్షణాలకూ మూలం డేటా ఫైల్‌లోనే ఉంది కాబట్టి ముందు సాలిడ్‌వర్క్స్ మూసేసి ఎక్సెల్ తెరవండి.

మొదటిది మూల. స్ప్లైన్ అనేది పాయింట్ల గుండా వెళ్తూ, వాలును, వంపును ఎక్కడా తెగనివ్వని గీత. దానికి మూల తిరగడం చేతకాదు. కీల్ (పడవ అడుగున నడిమి గీత) నుంచి పై అంచు దాకా 18 పాయింట్లనూ ఒకే కర్వ్‌గా ఇస్తే, మూల దగ్గర అది గుండ్రంగా తిరగడానికి అటు కొంచెం, ఇటు కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒక్కో స్టేషన్‌లో ఒక్కోలా ఉంటుంది. పక్కపక్క స్టేషన్లను లాఫ్ట్ కలిపేసరికి అవే ముడతలై పొడవునా కనిపిస్తాయి. అందుకని ప్రతి స్టేషన్‌ను రెండు కర్వ్‌లుగా విడగొట్టండి: కీల్ నుంచి మూల వరకు ఒకటి, మూల నుంచి పై అంచు వరకు ఇంకొకటి. మూల పాయింట్ రెండు ఫైళ్లలోనూ ఉండాలి, అవే అంకెలతో, చివరి దశాంశం దాకా.

రెండోది పాయింట్ల సంఖ్య. 18 ఎక్కువ. ఇసుక మీద నిలబెట్టిన పడవకు దారానికి గుండు కట్టి, టేపుతో తీసిన కొలతలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మామూలే. పాయింట్లు దూరదూరంగా ఉంటే ఆ తేడా కనపడదు. 50 మిల్లీమీటర్లకొకటి పెడితే ప్రతి తేడా ఒక అలై కూర్చుంటుంది, ఎందుకంటే స్ప్లైన్ ప్రతి పాయింట్‌నూ తాకి తీరాలి. ఒక్కో ముక్కకు ఐదు పాయింట్లు చాలు. మిగతావి పారేయకండి, వేరే షీట్‌లో ఉంచండి, చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తాయి. ఉంచిన ఐదింటి మధ్య దూరాలు కూడా మరీ ఎగుడుదిగుడుగా ఉండకూడదు. ఒకచోట 20 మిల్లీమీటర్లు, పక్కనే 300 ఉంటే ఆ చిన్న ఎడం దగ్గరే కర్వ్ మెలికపడుతుంది.

స్టేషన్ 5ను, అంటే వెనుక పలక నుంచి 4500 మిల్లీమీటర్ల దగ్గరి కోతను ఉదాహరణగా తీసుకుందాం. అడుగు ముక్క ఫైల్ ఇలా ఉండాలి:

4500 0 0
4500 48 250
4500 101 500
4500 158 720
4500 214 880

పక్క ముక్క ఇలా:

4500 214 880
4500 380 935
4500 560 985
4500 720 1020
4500 850 1045

మొదటి గడి పొడవు, రెండోది ఎత్తు, మూడోది నడిమి గీత నుంచి సగం వెడల్పు. ఎత్తును మధ్యలో పెట్టడానికి కారణం ఉంది. సాలిడ్‌వర్క్స్ మామూలు టెంప్లేట్‌లో పైకి వెళ్లే అక్షం వై, జెడ్ కాదు. సర్వే అలవాటులో ఎత్తును మూడో గడిలో పెడితే పడవ పక్కకు ఒరిగి పడుకుంటుంది. ఇక్కడో మాట: ఇలా రెండు గడులు తారుమారైతే ఆకారం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. పడవకు రెండు పక్కలూ ఒకటే కాబట్టి ఎవరికీ తెలియదు. అదే అలవాటుతో ప్రొపెల్లర్ రెక్క డేటా తెచ్చారనుకోండి, కుడివాటం రెక్క ఎడమవాటమై కూర్చుంటుంది.

ఇప్పుడు ఎక్సెల్‌లోనే ముడత పట్టే పద్ధతి. పక్కన ఖాళీ గడిలో వరుస పాయింట్ల ఎత్తు తేడాను వెడల్పు తేడాతో భాగించండి. పై పక్క ముక్కకు 3.0, 3.6, 4.6, 5.2 వస్తాయి. ఒకే దిశలో నెమ్మదిగా పెరుగుతున్నాయి, అంటే గీత సాఫీగా ఉంది. ఇప్పుడు 985ను పొరపాటున 958 అని కొట్టారనుకోండి. వరుస 3.0, 7.8, 2.6, 5.2 అవుతుంది. స్క్రీన్ మీద 27 మిల్లీమీటర్ల తేడాను 9 మీటర్ల పడవలో వెతికే బదులు ఈ గడిలో చూస్తే క్షణంలో దొరుకుతుంది. ఇదే లెక్క పొడవు దిశలోనూ చేయండి: అన్ని స్టేషన్ల మూల పాయింట్లను వరుసగా పేర్చి, పక్కపక్క వెడల్పుల తేడాలు చూడండి. స్టేషన్లు 900 మిల్లీమీటర్ల సమదూరంలో ఉన్నాయి కాబట్టి భాగించే పని కూడా లేదు. తేడాల వరుస ఎక్కడ పైకీ కిందికీ గెంతితే అక్కడి కొలతను మళ్లీ తీయాలి, లేదా రెండు మూడు మిల్లీమీటర్లు సర్దాలి. సర్దడం తప్పేమీ కాదు. పడవలు గీసేవాళ్లు వంగే చెక్కబద్దతో ఇదే పని చేసేవాళ్లు.

ఎడమ, కుడి రెండు పక్కలా కొలతలుంటే సగటు తీసుకోండి. తీరంలో పడవ ఎప్పుడూ ఒక పక్కకు కొంచెం వాలి ఉంటుంది, ఇసుక మీద ఆనిన అడుగు కాస్త లోపలికి నొక్కుకుంటుంది. ముందు వాటర్ ట్యూబ్‌తో రెండు పై అంచులనూ ఒక మట్టానికి తెచ్చి తీసిన కొలతలైతే సగటుతో సరిపోతుంది. అలా తేకుండా తీసినవైతే రెండు పక్కల తేడా ఒక్కో స్టేషన్‌లో ఒక్కోలా వస్తుంది. అప్పుడు సగటు కూడా మోసం చేస్తుంది, మళ్లీ కొలవడమే దారి.

మీ షీట్‌లో కొన్ని గడులు అడుగులు, అంగుళాల్లో ఉన్నాయన్నారు. పడవ కొలతలను అడుగు-అంగుళం-ఎనిమిదో వంతు లెక్కన 3-5-2 అని రాయడం వాడుక. దాని విలువ 914.4 + 127 + 6.35, మొత్తం 1047.75 మిల్లీమీటర్లు. అయితే ఎక్సెల్‌లో మామూలు గడిలో 3-5-2 అని కొడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది. గడులను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి, లేదా మూడు వేరు గడుల్లో కొట్టి ఫార్ములాతో కలపాలి. ఇప్పటికే తేదీలుగా మారినవాటిని వెనక్కి తిప్పే ప్రయత్నం వద్దు, కాగితం చూసి మళ్లీ కొట్టండి.

ఎక్సెల్ నుంచి ఫైల్ దించడంలోనే సగం ఎర్రర్లు పుడతాయి. ట్యాబ్‌తో విడదీసిన టెక్స్ట్‌గా సేవ్ చేయండి. పైన శీర్షిక వరుస ఉండకూడదు, నాలుగో గడిలో స్టేషన్ పేరు ఉండకూడదు. గడి ఫార్మాట్‌లో కామా ఉంటే 4500 కాస్తా 4,500గా వెళ్తుంది, అక్కడితో ఫైల్ చదవడం ఆగిపోతుంది. ఇంకొకటి చాలామంది గమనించరు: టెక్స్ట్‌గా సేవ్ చేసినప్పుడు ఎక్సెల్ రాసేది గడిలో కనిపించే అంకెనే, లోపలున్న అసలు విలువను కాదు. దశాంశాలు దాచి ఉంటే అవి పోయినట్టే. మీ గైడ్ కర్వ్ ఎర్రర్‌కు ఇదే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. ఒక షీట్‌లో 879.6, ఇంకో షీట్‌లో 880 అని వెళ్లి ఉంటుంది. మనకు అర మిల్లీమీటర్ లెక్కలోది కాదు, సాలిడ్‌వర్క్స్‌కు మాత్రం రెండు గీతలు తాకనట్టే. యూటీఎఫ్-8 రకం సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో కంటికి కనపడని గుర్తు ఒకటి చేరి మొదటి వరుస చెడే ప్రమాదమూ ఉంది. చివర ఖాళీ వరుసలు, ఒకే పాయింట్ రెండుసార్లు రావడం, ఇవి కూడా చూసుకోండి. ఫైల్‌ను ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్లతో చూడటం కన్నా మంచి పరీక్ష లేదు.

సాలిడ్‌వర్క్స్‌లో కొత్త పార్ట్ తెరిచి ముందు యూనిట్లు చూడండి. ఫైల్‌లో యూనిట్ రాయకపోతే డాక్యుమెంట్ యూనిట్‌నే తీసుకుంటుంది. టెంప్లేట్ అంగుళాల్లో ఉంటే 4500 అంటే 114.3 మీటర్లు. తర్వాత ఇన్సర్ట్, కర్వ్, అందులో కర్వ్ త్రూ ఎక్స్‌వైజెడ్ పాయింట్స్. బ్రౌజ్‌లో ఫైల్ రకాన్ని టెక్స్ట్‌గా మార్చకపోతే మీ ఫైల్ అసలు కనిపించదు. కర్వ్ ఒకసారి వచ్చాక ఫైల్‌తో దానికి సంబంధం తెగిపోతుంది. ఎక్సెల్‌లో అంకె మారిస్తే ఇక్కడ మారదు, ఆ ఫీచర్‌ను ఎడిట్ చేసి ఫైల్‌ను మళ్లీ చూపించాలి. అందుకే ఎక్సెల్ తనిఖీ అంతా ముందే ముగించమన్నది.

ఇరవైకి పైగా కర్వ్‌లను చేత్తో తేవడం విసుగు పని. మాక్రో (పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) రాయగలిగితే ఇన్సర్ట్‌కర్వ్‌ఫైల్‌బిగిన్, ఇన్సర్ట్‌కర్వ్‌ఫైల్‌పాయింట్, ఇన్సర్ట్‌కర్వ్‌ఫైల్‌ఎండ్ అనే మూడు పిలుపులతో అయిపోతుంది. ఒకటే జాగ్రత్త: డాక్యుమెంట్ మిల్లీమీటర్లలో ఉన్నా మాక్రో తీసుకునేది మీటర్లే. 4500ను 1000తో భాగించి 4.5గా ఇవ్వాలి.

ఇక ముక్కు. మెలికకు అసలు కారణం స్టేషన్ 10. మీ పడవ ముక్కు వాలుగా ఉంది కాబట్టి 9000 దగ్గర కోత కోస్తే దొరికేది పై అంచు కొస మాత్రమే, అంటే ఒక పాయింట్. కర్వ్‌లన్నీ వచ్చి ఒక్క పాయింట్‌లో కలిస్తే అక్కడి సర్ఫేస్ మూడు అంచులదవుతుంది, పాయింట్ దగ్గర నలుగుతుంది. స్టేషన్ 10ని తీసేయండి. దాని బదులు ముక్కు గీతనే ఆఖరి కోతగా వాడండి. అది నడిమి తలంలో, సగం వెడల్పు సున్నాగా ఉన్న కర్వ్: కీల్ పైకి తిరగడం మొదలైన చోటు నుంచి పై అంచు కొస వరకు. మూల గీత వచ్చి ముక్కును తాకే పాయింట్ దగ్గర దీన్నీ రెండుగా విడగొట్టండి. కింది భాగం అడుగు సర్ఫేస్‌కు ఆఖరి కోత, పై భాగం పక్క సర్ఫేస్‌కు. అప్పుడు రెండు సర్ఫేస్‌లకూ నాలుగేసి అంచులుంటాయి. ఈ ఒక్క మార్పుతో ముక్కు దగ్గరి గొడవ చాలావరకు తీరుతుంది. దీనికి తోడు స్టేషన్ 8 తర్వాత 900 దూరం చాలదు, ఆకారం అక్కడే వేగంగా మారుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర దగ్గర కూడా కోతలు కావాలి. పడవ నడుమన స్టేషన్ 3, 5, 7 మాత్రమే ఉంచినా నష్టం లేదు.

పొడవు దిశలో మూడు కర్వ్‌లు చేయండి: కీల్, మూల గీత, పై అంచు. వీటి ఫైళ్లను కొత్త కొలతలతో కాకుండా, స్టేషన్ ఫైళ్లలోని కొస పాయింట్లనే వరుసగా ఏరి తయారు చేయాలి. అవే పాయింట్లు కాబట్టి కర్వ్ స్టేషన్ కొసలను కచ్చితంగా తాకుతుంది. ఏదైనా స్టేషన్‌ను వదిలేస్తే దాని కొస పాయింట్‌ను ఇక్కడా వదిలేయండి.

సర్ఫేస్‌కు లాఫ్ట్ కన్నా బౌండరీ సర్ఫేస్ మేలు, రెండు దిశలనూ సమానంగా లెక్కలోకి తీసుకుంటుంది. మొదటి దిశలో స్టేషన్లు, రెండో దిశలో అడుగుకైతే కీల్, మూల గీత. పక్కకైతే మూల గీత, పై అంచు. స్టేషన్లను ఎంచుకునేటప్పుడు ప్రతిదాన్నీ ఒకే కొస దగ్గర క్లిక్ చేయాలి. ఒకదాన్ని కింద, పక్కదాన్ని పైన పట్టుకుంటే సర్ఫేస్ తాడులా పురి తిరుగుతుంది. ప్రివ్యూలో ఆకుపచ్చ చుక్కలన్నీ ఒకే అంచున ఉన్నాయో లేదో చూసి, లేకపోతే లాగి సరిచేయండి. ఫైళ్లన్నీ కీల్ నుంచి పైకే రాసి ఉంటే ఈ తప్పు జరగడం అరుదు.

మీది వీ ఆకారపు అడుగు, నడుమన అంచు ఉండాల్సిందే. కాబట్టి సగం చేసి మిర్రర్ కొట్టి, రెండు సగాలనూ నిట్ చేయడం (ఒకటిగా కుట్టడం) సరైన పద్ధతే. గుండ్రటి అడుగు పడవకు మాత్రం ఇలా చేస్తే నడుమన సన్నటి గాడో గట్టో మిగులుతుంది. దానికి ఎడమ పై అంచు నుంచి కుడి పై అంచు దాకా ఒకే కర్వ్ ఇవ్వాలి.

సర్ఫేస్ వచ్చాక జీబ్రా చారలు (నునుపు తెలియడానికి సర్ఫేస్ మీద చూపే నలుపు తెలుపు పట్టీలు) పెట్టి చూడండి. చార పొడవునా సాఫీగా సాగితే సరే, ఒక స్టేషన్ దగ్గర వంకరపోతే ఆ స్టేషన్ డేటాలో తప్పుంది. సర్ఫేస్ ఆప్షన్లతో కుస్తీ పట్టకుండా మళ్లీ ఎక్సెల్‌కు వెళ్లండి.

ప్లగ్‌కు ప్లైవుడ్ ఫ్రేములు కోయిస్తారు కదా, వాటిని ఈ సర్ఫేస్ నుంచి నేరుగా కోయకూడదు. మీరు కొలిచింది పడవ బయటి చర్మం. ఫ్రేమ్ మీద 6 మిల్లీమీటర్ల ప్లై, దాని మీద 2 మిల్లీమీటర్ల పుట్టీ అనుకుంటే ఫ్రేమ్ 8 లోపలికి రావాలి. ఆ 8ని స్టేషన్ గీత మీద లెక్కపెడితే నడుమన సరిపోతుంది, ముక్కు దగ్గర సరిపోదు. పక్క గోడ నడిమి గీతతో 30 డిగ్రీల కోణంలో ఉన్నచోట స్టేషన్ తలంలో తగ్గించాల్సింది 9.2 మిల్లీమీటర్లు. ఈ లెక్క చేత్తో వద్దు: సర్ఫేస్ మొత్తాన్ని ముందు 8 లోపలికి ఆఫ్‌సెట్ చేసి, ఆ తర్వాతే స్టేషన్ తలాలతో కోయండి. ఆఫ్‌సెట్ రానని మొరాయిస్తే ఎక్కడో వంపు వ్యాసార్థం 8 కన్నా తక్కువగా ఉంది, అంటే ఇంకా ఒక ముడత దాగి ఉందన్నమాట.

మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి, అడిగారు కాబట్టి. క్యాటియాలో ఈ పనికి ఇన్‌స్టాలేషన్‌తో పాటే ఒక మాక్రో ఎక్సెల్ ఫైల్ వస్తుంది. స్టార్ట్‌లాఫ్ట్, స్టార్ట్‌కర్వ్, పాయింట్లు, ఎండ్‌కర్వ్, మళ్లీ తర్వాతి కర్వ్, అన్నీ అయ్యాక ఎండ్‌లాఫ్ట్, ఎండ్. ఈ వరుసలో నింపి నడిపితే 1, 2, 3లో ఏది అని అడుగుతుంది. 2 కొడితే పాయింట్లు, స్ప్లైన్లు వస్తాయి. 3 కొడితే లాఫ్ట్ కూడా చేస్తానంటుంది, పడవకు అది వద్దు. క్రియోలో ఐబీఎల్ అనే రకం టెక్స్ట్ ఫైల్, దాని సుఖం ఏమిటంటే కర్వ్‌లన్నీ ఒకే ఫైల్‌లో పెట్టొచ్చు. రెండే పాయింట్లున్న కర్వ్‌ను సరళరేఖగా, అంతకన్నా ఎక్కువుంటే స్ప్లైన్‌గా తీసుకుంటుంది. ఫ్యూజన్‌లోని స్ప్లైన్ సీఎస్‌వీ స్క్రిప్ట్ అంకెలను సెంటీమీటర్లుగా చదువుతుంది, మిల్లీమీటర్లిస్తే పడవ పదింతలవుతుంది. ఆటోక్యాడ్‌లో మూడు గడులనూ కామాలతో కలిపి స్ప్లైన్ కమాండ్‌లో అతికిస్తే చాలు. స్క్రిప్ట్ ఫైల్‌గా నడిపితే మాత్రం ముందు ఆబ్జెక్ట్ స్నాప్ (పాయింట్‌ను దగ్గరి గీతకు అంటించే సదుపాయం) ఆపాలి, లేదా ఓస్నాప్‌కోర్డ్ అనే సెట్టింగ్‌ను 1 చేయాలి. మామూలుగా ఉండే 2లో, స్క్రిప్ట్ ఇచ్చిన పాయింట్‌ను స్నాప్ పక్కనున్న గీత కొసకు లాగేస్తుంది. పడవ హల్‌కు (ఒంటికి) వీటన్నిటికన్నా రైనో అనే సాఫ్ట్‌వేర్ తేలిక, కానీ ఈ ఒక్క పనికి దాన్ని కొనమని చెప్పను.

కింద వ్యాఖ్యల్లో ఒకరు ముత్తుకూరు వైపు రొయ్యల గుంట సర్వేకు ఇదే పద్ధతి పనికొస్తుందా అని అడిగారు. పనికిరాదు. నేల పాయింట్లు వరుసల్లో ఉండవు, వాటికి స్ప్లైన్లు, లాఫ్ట్ వద్దు. సివిల్ త్రీడీ లాంటి సర్వే సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాల సర్ఫేస్ చేయాలి. కట్ట పైఅంచులు, కింది అంచులు బ్రేక్‌లైన్లుగా (త్రిభుజాలు దాటకూడని గీతలుగా) ఇవ్వకపోతే త్రిభుజాలు కట్టను అడ్డంగా కోసి మట్టి లెక్క తప్పుతుంది. నెల్లూరు దగ్గర, చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి 44వ జోన్‌లో ఈస్టింగ్ (తూర్పు దిశ అంకె) సుమారు 3,90,000, నార్తింగ్ (ఉత్తర దిశ అంకె) సుమారు 15,97,000 మీటర్లు వస్తాయి. పెద్ద అంకె మొదటి గడిలో ఉందా రెండో గడిలోనా చూసి, అందుకు తగిన ఫార్మాట్ ఎంచుకోండి. ఈ అంకెలను సాలిడ్‌వర్క్స్‌కు అసలు ఇవ్వకండి, మూలబిందువు చుట్టూ ఒక కిలోమీటర్ పెట్టె దాటి అది పనిచేయదు.

మీ పడవకు ఆఖరి పరీక్ష: ఏ స్టేషనూ లేని చోట, ఉదాహరణకు 4950 దగ్గర, సర్ఫేస్‌ను ఒక తలంతో కోసి మూల దగ్గరి సగం వెడల్పు రాసుకోండి. కొత్తపట్నం వెళ్లి అదే చోట టేపు పెట్టండి. 5 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే ఫ్రేములు కోతకు పంపొచ్చు, ఆ తేడా పుట్టీలో కలిసిపోతుంది. 15 వస్తే 4500, 5400 స్టేషన్లలో ఒకదాని కొలత తప్పు. మూల గీత తేడాల గడిలో ఆ రెండింటినీ మళ్లీ చూడండి.